అల్లుడుగారి సాలు

అల్లుడుగారు తెల్లారకముందే బూట్లు వేసుకుంటున్నారు కాబట్టి నడకకే వెళ్తున్నారని అత్తగారు నమ్మింది. నడిచొచ్చిన మనిషికి ఆకలి ఎక్కువని ఆయన పళ్ళెంలో రెండు గుడ్లు అదనంగా పడుతున్నాయి. ఆయన పెరటి గేటు దాటి, మోటారు గది చుట్టూ తిరిగి, నీడవల కింద ఉన్న వెనిల్లా తోటలోకి దూరి, అక్కడ కోడలి పక్కన నిలబడి పూలకి పుప్పొడి పట్టిస్తున్నారని ఆమెకి తెలీదు. తెలిస్తే గుడ్ల సంగతెలా ఉన్నా, కోడలి సంగతి మాత్రం తేలిపోతుంది.

"కాస్త నోరు తెరవండి," అన్నాడు డాక్టరు, పువ్వుతో. నుదుటి మీద దీపం, కళ్ళకి గొట్టాల్లాంటి భూతద్దాల జోడు. "ఇంకొంచెం. ఆ, అంతే. నొప్పేం ఉండదు."

"అన్నయ్యా, దానికి చెవుల్లేవు," అంది కోడలు.

"ధైర్యం చెప్పకపోతే బిగుసుకుంటుంది చెల్లెమ్మా. చూడు, ఎంత వదులైందో."

ఆయన పళ్ళ డాక్టరు. ఆ ఇంటి పెద్దల్లుడు. భార్యతో కలిసి రెండ్రోజుల కోసమని అత్తవారింటికి వచ్చి, కొత్త జబ్బు భయంతో రోడ్లు మూసేయడంతో ఇరుక్కుపోయాడు. ఒక తెల్లవారుజామున ఊరికే పెరట్లోకి వచ్చినవాడికి, పువ్వు ముందు చీపురుపుల్ల పట్టుకుని తంటాలు పడుతున్న కోడలు కనిపించింది. కాసేపు చూసి, "నీ మణికట్టు కోణం తప్పు," అన్నాడు. తప్పన్నవాడి చేతికే పుల్ల ఇవ్వడం తప్ప ఆమె చేసిన నేరమేమీ లేదు.

వెనిల్లా పువ్వు ఒక్క పొద్దుటిపూటే తెరుచుకుని ఉంటుంది. ఎండ ముదిరేసరికి వాడిపోతుంది. ఈలోపు ఎవరో ఒకరు దాని పెదవిని పుల్లతో చీల్చి, లోపలున్న పల్చటి పొరని పైకెత్తి, పుప్పొడిని బొటనవేలితో కిందికి అదమాలి. ఆ పని చేసిపెట్టే పురుగు ఈ చుట్టుపక్కల లేదు. చేసిపెట్టే ఆడవాళ్ళున్నారు, కానీ వాళ్ళు వంతెన అవతల ఉన్నారు. వంతెన మీద పోలీసులున్నారు.

మొదటిరోజు డాక్టరు ఒక్కో పువ్వుకి తీసుకున్న సమయంలో ఒక పన్నుకి సిమెంటు నింపొచ్చు. రెండోరోజుకి చెయ్యి తిరిగింది. మూడోరోజుకి పూనకం వచ్చింది. ఒక గుత్తిలో ఎన్ని పూలు తెరుచుకుంటే అన్నింటికీ పట్టించేసి, తన సాలు వెంట గర్వంగా వెనక్కి నడుస్తున్నాడు.

"అన్నయ్యా, గుత్తికి పది చాలు. తీగ మోయలేదు. ఎక్కువైనవి గిల్లేయాలి."

"గిల్లడమా?" డాక్టరు పుల్ల దించాడు. "ఇప్పుడే కదా పట్టించాను."

"రోజూ పళ్ళు పీకే మనిషి మీరు."

"అవి పుచ్చినవి. వీటికేం రోగం?"

కోడలే గిల్లింది. ఆయన అటు తిరిగి నిలబడ్డాడు.

ఫలహారాల దగ్గర మావగారు ఫోన్లో కొడుకుతో మాట్లాడుతున్నారు. కోడలి మొగుడు పొలంలో పండిన మిరియాల బస్తాలు తీసుకుని రేవుకి వెళ్ళి, ఆ బస్తాలతోపాటు గోదాములోనే ఉండిపోయాడు. ఫోన్ పెట్టేసి మావగారు ఇంటిల్లిపాదికీ వార్తలు చదివారు.

"ఓడ లేదంట. ఓడ వచ్చినా దింపుకునేవాడు లేడంట. అవతల హోటళ్ళన్నీ మూసేశారంట."

"మిరియం లేకుండా ఎలా తింటున్నారో పాపం," అంది అత్తగారు.

"చప్పగా తింటున్నారు." మావగారు కోడలివైపు తిరిగారు. "మిరియాలే కదలకపోతే నీ ఐస్‌క్రీం తీగ కాయలు ఎవడు కొంటాడమ్మాయ్?"

మూడేళ్ళుగా ఆయన ఆ పంటని పేరుపెట్టి పిలిచింది లేదు. కోడలు ఫోన్లో వీడియోలు చూసి, కొమ్మలు తెప్పించి, స్తంభాలు పాతించి పెంచిన తోట. ఇదే మొదటి పూత.

"కాయ ముదరడానికే తొమ్మిది నెలలు పడుతుంది మావయ్యా. అప్పటికి హోటళ్ళు తెరుస్తారు."

"పురిటికి ముహూర్తం చెప్పినట్టు చెప్తున్నావు. అదే అల్లమనుకో, దగ్గు వచ్చినవాడూ అడుగుతున్నాడు, వస్తుందేమోనని భయపడేవాడూ అడుగుతున్నాడు." ఆయన చెయ్యి కడుక్కున్నారు. "పూత అయిపోగానే చూస్తా. సగం తోటకైనా కాయ పట్టిందా, ఉంచుతా. పట్టలేదా, తీగ పీకించి అల్లం పెట్టేస్తా. విత్తనానికి కబురు కూడా చేశాను."

సగం. కోడలు మనసులో సాళ్ళు లెక్కేసుకుంటుండగా అత్తగారి గరిటె గాల్లో ఆగిపోయింది.

"బాబూ, మీ చేతి మీద ఆ దద్దుర్లేంటి?"

వెనిల్లా తీగ జిగురు ఒంటికి తగిలితే దురద పెడుతుంది. డాక్టరు ముంజేతులు రెండూ ఎర్రగా ఉన్నాయి. ఆయన చొక్కా చేతులు కిందికి లాక్కుని, "నడిచే దారిలో ఏదో కంప తగిలింది అత్తయ్యగారూ," అన్నాడు.

"ఆ జబ్బుకి దద్దుర్లు కూడా వస్తాయంట. టీవీలో చెప్పారు."

"నేను డాక్టర్ని అత్తయ్యగారూ."

"పళ్ళకి కదా బాబూ."

అత్తగారు నొచ్చుకోకుండా నాలుగడుగులు వెనక్కి వేసి, పెద్ద వంటల గరిటె తెచ్చి, అంత దూరం నుంచే గుడ్డు వడ్డించింది. అది పళ్ళెంలోనే పడింది. అల్లుడి మర్యాదకి గానీ, ఆరోగ్య సూత్రాలకి గానీ ఎక్కడా లోటు జరగలేదు. డాక్టరు భార్య, అంటే కోడలికి వదిన, మొగుడి చేతులవంకా మరదలి చేతులవంకా చూసింది. రెండుచోట్లా ఒకే రకం దద్దుర్లు. "కంప ఎక్కడో చాలా దగ్గర్లోనే ఉన్నట్టుంది," అని మళ్ళీ తినడం మొదలుపెట్టింది.

వేడి పెరిగింది. రెండ్రోజుల తర్వాత ఒక పొద్దున్న కోడలు నీడవల కిందికి వెళ్ళేసరికి తోటకి తోటే తెరుచుకుని ఉంది. ఈ చివర నుంచి ఆ చివరిదాకా, లేతాకుపచ్చ పూలు, నోళ్ళు తెరుచుకుని, ఎవరో వస్తారని నమ్మకంగా చూస్తున్నాయి. ఆమెకి ఆనందించాలో ఏడవాలో తెలియలేదు. పుల్ల తీసింది.

ఇద్దరూ తల ఎత్తకుండా పనిచేశారు. డాక్టరు ధైర్యవచనాలు కూడా మానేశాడు. అయినా ఎండ వల మీదికి వచ్చేసరికి మోటారు గది వైపు నాలుగు సాళ్ళు, ఐదోదాంట్లో సగం అయ్యాయి. ఆ అవతలంతా నిన్నటి పూలు నేలమీద ఉన్నాయి. ఇవాళ్టివి వాటి మీద పడటానికి సిద్ధంగా వేలాడుతున్నాయి. అటువైపే తోట ఎక్కువ.

అప్పుడు డాక్టరు ఫోన్ మోగింది. ఆయన రెండు చేతులూ జిగురు. కోడలే స్పీకర్ నొక్కి ఫోన్‌ని తీగ స్తంభానికి తగిలించింది.

"డాక్టరుగారూ, నేను బాబూ, పళ్ళసెట్టు." ముసలావిడ గొంతు తోటంతా వినిపించింది. "కింద సెట్టు విరిగి నెలయింది. మెత్తగా పిసుక్కుని తింటున్నా. ఎప్పుడొస్తున్నారు?"

"రోడ్లు మూసేశారు కదమ్మా. తెరవగానే..."

"మీకెందుకు మూస్తారు బాబూ? మీ పక్కనున్న కళ్ళ డాక్టరు రోజూ వస్తున్నాడు. కారు అద్దానికి డాక్టరని అంటించుకుంటే సలాం కొట్టి పంపుతున్నారంట. మీకూ ఇచ్చారంటగా పాసు, మొదటివారమే. మీ కాంపౌండరు చెప్పాడు."

డాక్టరు మోచేత్తో ఫోన్ ఆపబోయాడు. అది జారి మట్టిలో పడి, ఇంకాసేపు పిసుక్కుని తినడం గురించి చెప్పి ఆగిపోయింది.

కోడలి చేతిలో పువ్వు రెండుగా చీలింది. దాన్ని పారేసి ఇంకోటి పట్టుకుంది.

"ఇరుక్కుపోయానన్నారు."

"అన్నాను."

"రోడ్లు మూసేశారన్నారు."

"మూసేశారు." ఆయన భూతద్దాలు తీసి చొక్కాతో తుడిచాడు. జిగురు ఇంకా పరుచుకుంది. "నాకు కాదు."

ఇన్నాళ్ళూ వంతెన అవతల మనుషులు ఖాళీగా కూర్చుని ఉన్నారు. దాటించగల కారు గేటు పక్కనే ఉంది. దాని మీద కోళ్ళు పడుకుంటున్నాయి.

"నాకు నోళ్ళంటే భయంగా ఉంది చెల్లెమ్మా," అన్నాడు డాక్టరు, పువ్వువైపే చూస్తూ. "నాతో చదువుకున్నవాడొకడు ఎవరికో జ్ఞానదంతం తీశాడు. ఆ వారంలోనే వాణ్ణి ఆసుపత్రిలో వేశారు. ఇంటికైతే వచ్చాడు, మెట్లెక్కలేడు. ఇన్నేళ్ళు నోరు తెరవండి తెరవండని జనాన్ని బతిమాలానా, ఇప్పుడెవరైనా ఆవులిస్తే పారిపోవాలనిపిస్తోంది. ఆరోజు పెరట్లోకి ఎందుకొచ్చాననుకున్నావు? లోపల మావయ్యగారు ఆవులించారు." ఒక పువ్వు కింద వేలు పెట్టి పైకెత్తాడు. "ఇవైతే ఊపిరి వదలవు."

కోడలికి తిట్టాలని ఉంది. జాలిపడాలని కూడా ఉంది. రెండింటికీ తీరిక లేదు.

"క్లినిక్ మాట నేనడగను అన్నయ్యా. వంతెన దాటించండి చాలు."

మావగారి బీపీ బిళ్ళలు తెస్తామని చెప్పి మధ్యాహ్నం ఇద్దరూ కారులో బయల్దేరారు. అత్తగారు కోడల్ని వెనకసీటులో, అల్లుడికి వీలైనంత దూరంగా కూర్చోబెట్టి, అద్దాలన్నీ దింపించింది. వంతెన మీద ఎవరూ ఆపలేదు. నిజంగానే సలాం కొట్టారు. డాక్టరు ఆ సలాముకి ముడుచుకుపోయాడు.

పుల్లక్క తన గుమ్మంలో కూర్చుని, పక్కింటి గుమ్మంలో కూర్చున్నావిడతో గట్టిగా మాట్లాడుతోంది. పేరుపెట్టి ఆమెని ఎవరూ పిలవరు. చుట్టుపక్కల వెనిల్లా తోటలన్నింటిలో పూలకి పుల్ల పెట్టేది ఆమె, ఆమె వెనక నలుగురు.

"నేనొక్కదాన్నే వస్తే చాలు," అంది సంగతి వినగానే. "మిగతావాళ్ళు నేను చెప్పే కబుర్లు వినడానికి వస్తారంతే. రేడియో తెచ్చుకుంటా. పొద్దున్నే టీ కావాలి, పంచదార తగ్గించి మోసం చేయకూడదు. మరి పోలీసోళ్ళు?"

"మీరు పేషెంటు," అన్నాడు డాక్టరు. "దవడ వాచింది."

"ఏ పక్క?"

"మీ ఇష్టం."

"కుడి పెట్టండి. ఎడమవైపు పడుకుంటాను."

డాక్టరు చిటికెన వేలంత దూది చుట్టి, చేతికిచ్చి ఆమెనే పెట్టుకోమని, తను రెండడుగులు వెనక్కి నిలబడ్డాడు. బుగ్గ బాగానే ఉబ్బింది గానీ మాట ఆగలేదు. దూది వెనక నుంచే పనిచేసిన తోటల కథలు, మొగుడి కథలు వస్తూనే ఉన్నాయి. వంతెన కనిపించేసరికి డాక్టరు డబ్బాలో మిగిలిన దూదంతా వెనక్కి అందించాడు. కారు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

ఈసారి ఆపారు. మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తెర, ఆ పైన టోపీ పెట్టుకున్న పోలీసాయన కిటికీ దగ్గరికి వచ్చాడు.

"వెళ్ళేటప్పుడు ఇద్దరే కదా?"

"పేషెంటు. దవడ వాచింది," అన్నాడు డాక్టరు.

"ఈ అమ్మాయి?"

"పేషెంటు చెల్లెలు," అంది కోడలు. పుల్లక్క ఆమెని పైనుంచి కిందిదాకా చూసి, పోలిక కుదరదన్నట్టు కనుబొమలెత్తింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా నొప్పి?"

ఎవరేమడిగినా జవాబు చెప్పకుండా ఉండలేని మనిషి. పుల్లక్క వేళ్ళు చూపించింది, దవడ చూపించింది, నడినెత్తి చూపించింది, చివరికి ఆకాశం చూపించి కళ్ళు మూసుకుంది. ఇక ఆపకపోతే కారులోనే పోయేలా ఉందని కోడలు ఆమె మోకాలు గిల్లింది. ఆ గిల్లుడికి వచ్చిన మూలుగు మాత్రం నిజమైనదే.

పోలీసాయన తల ఆడించాడు. "తెలుసమ్మా. తెలుసు." అటూ ఇటూ చూసి, తెర పైకెత్తి, మాస్కు గడ్డం కిందికి లాగాడు. "డాక్టరుగారూ, ఎడమ పక్క, కింద. వారమైంది పడుకుని. లవంగాలు నమిలి నమిలి నాలుక మొద్దుబారిపోయింది. పళ్ళ డాక్టరనేవాడు ఒక్కడూ తలుపు తీయట్లేదు. ఒక్కసారి చూస్తారా?"

అని కిటికీలోకి వంగి నోరు తెరిచాడు.

డాక్టరు చేతులు స్టీరింగు మీద అలాగే ఉన్నాయి, కారింకా నడుస్తున్నట్టు. వెనక లారీ హారను కొట్టింది. పోలీసాయన నోరు తెరిచే ఉంచి, వెనక్కి చెయ్యి ఊపి లారీని ఆపాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నోరంతా లవంగం వాసన. ఆ వాసన వెనకసీటుదాకా వచ్చింది. అంటే ఊపిరి కూడా వచ్చిందన్నమాటేనని కోడలికి తట్టింది. ఆమెకి తట్టినది డాక్టరుకి ఎప్పుడో తట్టి ఉంటుంది.

క్లినిక్ మాట అడగనని కోడలు పొద్దున్నే మాటిచ్చింది. పుల్లక్క మాత్రం ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. నోటినిండా దూదితో, జాకెట్లో దోపుకున్న పుల్ల తీసి, డాక్టరు భుజం మీద పొడిచింది.

డాక్టరు కారు దిగాడు. సంచిలోంచి రెండు మాస్కులు తీసి ఒకదాని మీద ఒకటి కట్టుకున్నాడు. చేతికి తొడుగులేసుకున్నాడు. చొక్కా జేబులోంచి భూతద్దాలు తీసి పెట్టుకుని, దీపం వెలిగించాడు. పోలీసాయన లారీకి ఆనుకుని తల వెనక్కి వాల్చాడు.

"కాస్త నోరు తెరవండి," అన్నాడు డాక్టరు. మాట మాస్కులు దాటి రాలేదు. మళ్ళీ అన్నాడు.

కారులోంచి కోడలికి ఆయన వీపు ఒక్కటే కనిపిస్తోంది. ఊపిరి బిగబట్టాడని ఆ వీపే చెప్తోంది. చిన్న అద్దం లోపలికి వెళ్ళింది. "ఇంకొంచెం... ఇటు... నాలుక పక్కకి." లారీ డ్రైవరు కూడా కిటికీలోంచి వంగి లోపలేముందో చూస్తున్నాడు. చాలాసేపటికి డాక్టరు వీపు పైకి లేచి, కిందికి దిగింది. మళ్ళీ లేచింది, దిగింది. ఊపిరి పీలుస్తూనే చూస్తున్నాడు.

"లోపలిదాకా పోయింది. చీము పట్టింది. లాభం లేదు, తీసెయ్యాలి."

"ఎప్పుడండీ? ఎక్కడికి రమ్మంటారు?"

డాక్టరు తొడుగులు విప్పడానికి మామూలుకంటే ఎక్కువ సమయం తీసుకున్నాడు.

"రేపు పొద్దున. నా క్లినిక్‌కి. ఏమీ తినకుండా రాకండి, తినే రండి. మీతోపాటు ఎవర్నీ తేవద్దు."

కారు వంతెన దిగగానే పుల్లక్క దూదిని కిటికీలోంచి ఉమ్మేసింది. "ఇంకాసేపైతే మింగేదాన్ని," అంది. "ఆయన నోరు చూస్తే నాకే పన్ను నొప్పెట్టింది." ఆగిపోయిన మొగుడి కథ ఆగినచోటు నుంచే మొదలైంది. కోడలు మాత్రం ముందుసీట్లోని భుజాలనే చూస్తూ కూర్చుంది. రెండు చేతులు సంపాదించబోయి రెండు చేతులు పోగొట్టుకుంది. తీసుకెళ్ళింది తనే కాబట్టి ఎవర్నీ ఏమీ అనడానికి లేదు.

ఇంటి ముందు దిగగానే పుల్లక్క రేడియో చంకన పెట్టుకుని, "పూలెటువైపు?" అంది. అరుగు మీదున్న మావగారు బీపీ బిళ్ళల కోసం చాచిన చెయ్యి అలాగే ఉంచారు. బిళ్ళలు తేవడం ఇద్దరూ మర్చిపోయారు. ఆ తర్వాత దాచడానికేమీ మిగల్లేదు.

"అల్లుడుగారి చేత పుల్ల పట్టించావా?" అత్తగారి గొంతు చాలా చిన్నగా వచ్చింది. అరిచి ఉంటే బాగుండేదనిపించింది కోడలికి.

"నేనే పట్టుకున్నాను అత్తయ్యగారూ," అన్నాడు డాక్టరు. "నాకు బాగుంది."

"ఆయన బాగుందనే అంటారు. ఆయన మర్యాద అది. మన మర్యాదేమైంది?" ఆమె లోపలికి వెళ్ళింది. గిన్నెలు ఒకదాని తర్వాత ఒకటి తమ అభిప్రాయం చెప్పాయి.

మావగారు కుర్చీలో కాస్త కదిలి, అల్లుడి చేతులవైపు చూశారు. "ఎన్ని సాళ్ళు చేశారు?"

"నాలుగు సాళ్ళు చెల్లెమ్మ, నేను కలిసి చేశాం మావయ్యగారూ. ఐదోది నేనొక్కడినే. సగమైంది. రేపు పూర్తిచేద్దామనుకున్నా గానీ, పొద్దున్నే వెళ్ళాలి. పేషెంటు వస్తున్నాడు."

వదిన తలుపు దగ్గర నుంచి మొగుడి మొహంలోకి చూసింది. సామాను సర్దడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు మసక వెలుతుర్లోనే కారు వెళ్ళిపోయింది. అత్తగారు ఉడికించిన గుడ్లు మూటకట్టి, ఈసారి గరిటె లేకుండా, చేత్తోనే అల్లుడికి అందించింది. కోడలు గేటు మూసి తోటలోకి పరిగెత్తింది.

అవతలి చివర రేడియో మోగుతోంది. పుల్లక్క ఒక గుత్తి దగ్గర ఆగినట్టే కనిపించకుండా సాలు వెంట జరుగుతోంది. రేపో ఎల్లుండో పూత తగ్గిపోతుంది. ఆమె ఒక్కతే అటువైపంతా చేయలేదు. తను ఇటువైపు వదిలేసి అక్కడికి వెళ్తే ఇదంతా రాలిపోతుంది. ఎలా చూసినా సగానికి ఇంకా కాస్త తక్కువే పడుతోంది. ముందు ఐదో సాలు ముగిద్దామని వచ్చిన కోడలు అక్కడే ఆగిపోయింది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, పేపరు చదివే కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, మావగారు ఆ సాల్లో నిలబడి ఉన్నారు. చేతిలో చీపురుపుల్ల. పుల్ల కాదు, చీపురులోంచి విరిచిన పిడికెడు పుల్లలు.

"నీ ఐస్‌క్రీం కోసం కాదు," అన్నారు కోడలు నోరు తెరవకముందే.

"సరే మావయ్యా."

"అల్లుడు మొదలుపెట్టిన పని మనింట్లో సగంలో ఆగిపోయిందంటే ఏం బాగుంటుంది? రేపు ఫోన్ చేసి నా సాలు ఏమైంది మావయ్యగారూ అంటే, రాలిపోయింది బాబూ అని చెప్పనా?"

"చెప్పలేరు."

"చెప్పలేను."

"మరి పీకించి అల్లం పెట్టానని చెప్పగలరా?"

మావగారు ఆ మాట విననట్టే పుల్లలన్నీ జేబులో పెట్టుకుని, ఒకటి మాత్రం ఉంచుకున్నారు. విన్నారని కోడలికి తెలుసు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అల్లుడుగారి సాలు ఉంటుంది," అన్నారు చివరికి.

"పందిరి ఇనప తీగ అన్ని సాళ్ళకీ ఒక్కటే మావయ్యా. పక్క సాళ్ళు పీకితే ఇది నిలబడదు."

ఆయన పందిరి తీగని ఈ చివర నుంచి ఆ చివరిదాకా కళ్ళతోనే నడిచి వచ్చారు. అబద్ధమైతే బాగుండునని చూశారు. అబద్ధం కాదు. ఆ తీగ లాగించిన రోజు అక్కడ తొక్కుడుబిళ్ళ ఆడుకునే ఊరి పిల్లల్ని అవతలికి తోలుతూ పక్కనే నిలబడింది ఆయనే.

"ఎక్కడ నొక్కాలి?" అన్నారు విసుగ్గా.

ఆమె పక్కకి వెళ్ళి చూపించింది. మొదటి పువ్వు ఆయన బొటనవేలి కింద నలిగిపోయింది. రెండోది చిరిగింది. మూడోదాన్ని పట్టుకునే ముందు ఆయన ఆ వేలిని చొక్కాకి తుడుచుకున్నారు, దానివల్ల వేలు చిన్నదవుతుందన్నట్టు. పొర లేచింది. ముక్కు మీదికి జారిన కళ్ళజోడులోంచి చూస్తూ, మెల్లగా, చాలా మెల్లగా అదిమారు.

"పట్టిందంటావా?"

"ఇప్పుడే తెలీదు మావయ్యా. రేపు ముట్టుకుని చూడాలి. రాలకుండా అంటుకుని ఉంటే పట్టినట్టు."

"అంటే రేపు కూడా రావాలన్నమాట," అని గొణిగి, మావగారు పక్క గుత్తి కిందికి వంగారు.